మేనమామలకు పడనివి

ఎదుటివాడి మాట వినకుండానే మేలు చేసి పారేసేవాళ్లుంటారు. వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కామేశం ఆ రకం.

ఏజెన్సీ కొండల్లో అతనుండే మఠానికి చుట్టుపక్కల జనం మలేరియాతో వచ్చేవారు. జ్వరం తిరగబెట్టకుండా మింగాల్సిన మాత్రలు ఆసుపత్రివాళ్లు మఠంలో పెట్టి వెళ్లారు. పంచే పని కామేశం నెత్తినేసుకున్నాడు.

"రక్తపరీక్ష అయినవాళ్లకే ఇవ్వు," అన్నాడు గురువు చిదంబరస్వామి. "కొందరి రక్తం పుట్టుకతోనే వేరుగా ఉంటుందట. వాళ్లు ఈ మాత్ర మింగితే రక్తకణాలు పగిలి ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది."

"పరీక్షకు కొండ దిగాలి స్వామీ. ఎవడు దిగుతాడు? మంచి మందు ఎవరికైనా మంచిదే. మనుషులంతా ఒకటేనని రోజూ చెప్పేది మీరే కదా."

గురువు లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పాంగి సుక్రు అనే కుర్రాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. జ్వరం తగ్గింది గానీ మనిషి ఇంకా వడలిపోయే ఉన్నాడు. ఏదో చెప్పబోయాడు.

"కబుర్లు తర్వాత. నోరు తెరు," అన్నాడు కామేశం, మాత్ర చేత్తో పట్టుకుని.

అంతలో గురువు లోపల్నుంచి పెద్ద గ్లాసుతో పాలు తెచ్చాడు.

"ముందు నువ్వివి తాగు నాయనా. చాకిరీ చేసి చిక్కిపోతున్నావు."

కామేశం ముఖం మాడింది. "పాలు నాకు పడవు స్వామీ."

"పాలేగా. పసిపిల్లలు తాగుతున్నారు."

"మా అమ్మవైపు ఎవరికీ పడవు. మా మేనమామ తన పెళ్లిలో మర్యాదకని ఒక గ్లాసు తాగాడు. తలంబ్రాల దగ్గర పీటల మీంచి లేచి పరిగెత్తాడు. వాళ్ల అత్తగారు ఇప్పటికీ ఊరంతా చెబుతుంది."

సుక్రు కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మంచి పాలు ఎవరికైనా మంచివే," అంటూ గురువు గ్లాసు అతని పెదాల దాకా తెచ్చాడు. "నోరు తెరు."

కామేశం నోరు బిగించాడు. గ్లాసు వంక చూశాడు. తన చేతిలో మాత్ర వంక చూశాడు. చెయ్యి మెల్లిగా దించి, సుక్రు పక్కన కూలబడ్డాడు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాత్రలు పడలేదా?"

"మా మేనమామకి. ఒంటేలు డికాషన్ లాగొచ్చింది. కళ్లు పచ్చబడి చచ్చి బతికినాడు."

"మరి చెప్పవేం?"

"నోరు తెరవమన్నారు గానీ, మాట్లాడనిచ్చారేటి బాబూ?"

కామేశం మాత్రను డబ్బాలో పడేసి చెప్పులు తొడుక్కున్నాడు. "లే. ఆసుపత్రికి నేనే తీసుకెళ్తా."

ఖాళీ కడుపుతో కొండ దిగడం కష్టమని గురువు గ్లాసు సుక్రు వైపు చాపబోయి, ఆగాడు.

"పాలు నీకు పడతాయా, నాయనా?"