మిట్టమీద తడి

నంజుండయ్యను ఒక ప్రశ్న పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

ఈ లోకంలో ఏదైనా దేనికోసమైనా జరుగుతోందా, లేక ఊరికే జరిగిపోతోందా?

బళ్లారిలో తర్కం చదివి, పెన్న ఒడ్డున ఉన్న కదిరెప్ప తాత మఠానికి శిష్యుడుగా వచ్చినవాడు అతను. వాన పైరుకోసం కురవదు, మబ్బు బరువెక్కి కురుస్తుంది. చెట్టు మనకోసం కాయదు, కాసే కాలమొచ్చి కాస్తుంది. ఇలా ఒక్కొక్కదాన్నే పట్టుకుని అందులోంచి ఉద్దేశమనేదాన్ని కలుపుమొక్కలా పీకి పారేస్తూ పోయాడు. చివరికి చేలో ఏమీ మిగల్లేదు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా తాత "ఊఁ" అనేవాడు. చేతిలో ఆకుకూర ఉంటే దాన్ని ఏరుతూనే అనేవాడు.

ఆ ఊరికి నీళ్లంటే పెన్న ఇసుకలోంచి తవ్వుకొచ్చిన ఊటకాలువే. కాలువ కింద మడులన్నిటికీ వంతులున్నాయి. వంతును కొలిచేది ఒక రాగిగిన్నె. దాని అడుగున సూదిమొనంత చిల్లు. నీళ్ల గంగాళంలో వదిలితే కాసేపు తేలి, మెల్లగా నిండి మునుగుతుంది. మునిగితే వంతు అయిపోయినట్టు. గిన్నె ముందు కూర్చున్నవాడు కేక వేస్తాడు. కేక వినబడగానే ఒక మడికి నీళ్లు ఆపేసి పక్క మడికి మళ్లిస్తారు. మఠానికి జానెడు భూమి కూడా లేదు గనుక ఎవరివైపూ మొగ్గదని, పెద్దలు గిన్నెను మఠానికి అప్పగించారు.

ఆ రోజు గిన్నె ముందు నంజుండయ్య కూర్చున్నాడు.

పొద్దు వాలుతోంది. ఆఖరి వంతు ఓబుళమ్మవ్వది. ఆమె రాగుల మడి మిట్టమీద ఉంది. కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లు నిలబెడితే తప్ప అక్కడికి ఎక్కవు. పైరు వెన్ను తీసే అదను. అవ్వ పారను భుజాన వేసుకుని కేకకోసం చెవి ఒగ్గి నిలబడింది.

కింది మడి వంతుకు వదిలిన గిన్నె నిండుతోంది. నంజుండయ్య దాన్నే చూస్తున్నాడు. "ఇది కాలం చెప్పాలని మునుగుతోందా? లేదు. చిల్లుంది గనుక మునుగుతోంది. దీనికి వంతు తెలియదు, అవ్వ తెలియదు." ఎన్నాళ్లుగానో వెతుకుతున్న ఉదాహరణ కళ్లముందే దొరికింది. గిన్నె అంచు నీటికి సమమైంది. బుడుంగుమని మునిగింది. ఎంత చక్కగా మునిగిందో అనుకున్నాడు. ఆ ఆలోచన వెంట ఇంకొకటి, దాని వెంట మరొకటి వచ్చాయి.

కేక వేయడం మరిచాడు.

పొద్దు గూకింది. పొద్దు గూకితే కాలువ కట్టేయాలి, రాత్రంతా ఊట ఊరాలి. తప్పిన వంతు తిరిగి ఇవ్వరు. ఇస్తే అందరి వంతులూ వెనక్కి జరిగిపోతాయి. వంతుల చుట్టు తిరిగి వచ్చేదాకా అవ్వ మడికి ఇక చుక్క లేదు.

తెల్లారగానే అవ్వ మఠం అరుగు ముందుకు వచ్చింది.

"ఏం సామీ, గిన్నె ముందర కూచోని నిద్రపోయినావా?"

"లేదవ్వా, మెలకువగానే ఉన్నాను. గిన్నె మునగడం కళ్లారా చూశాను."

"చూసినావా! చూసి గమ్మునుండినావా? నిద్రన్నా పోయింటే బాగుండు కదప్పా, కండ్లు మూసుకున్నోన్నయితే ఏమీ అనలేం!"

తాత అరుగుమీదే కూర్చున్నాడు. నంజుండయ్య మొహం ఎర్రబడింది. తప్పు ఒప్పుకోవడానికే నోరు తెరిచాడు. తీరా వచ్చింది తర్కం.

"తాతా, నేను కావాలని చేసింది కాదు. గిన్నెకు చిల్లుంది, మునిగింది. నేల వాలుగా ఉంది, నీళ్లు కింది మడిలోకే పోయాయి. నీరు పల్లమెరుగు అని పెద్దలే అన్నారు. ఇందులో ఎవరి ఉద్దేశమూ లేదు. ఉద్దేశం లేని చోట తప్పు ఎక్కడుంటుంది?"

అవ్వ తాతవైపు తిరిగింది. "ఈయప్పకు ఉద్దేశం లేదంట. నా రాగులకు దప్పి ఉండాది. ఈ రెండిట్లో ఏది నిజమో నువ్వే చెప్పు తాతా."

తాత ఇద్దరినీ చూశాడు.

"మాట బాగానే ఉంది నాయనా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

లేచాడు. చూరుకింద ఉన్న కావడి అందుకున్నాడు. రెండు కుండలు తగిలించుకుని ఏట్లోకి దిగాడు.

స్నానానికి పోతున్నాడనుకున్నాడు నంజుండయ్య. తాత ఇసుకలో చెలమ తోడి కుండలు నింపాడు. వంగిన వీపు ఇంకొంచెం వంగింది. కావడి ఎత్తుకుని ఏటి ఒడ్డు ఎక్కి, మఠం దాటి, మిట్టవైపు నడిచాడు. పెద్ద వయసు. కాళ్లలో నరాలు తీగల్లా తేలి ఉంటాయి. అయినా కుండల్లో నీళ్లు తొణకలేదు. అది చూసి తీరవలసిన నడక.

మడి గట్టెక్కి, వాడిన పైరు మొదళ్లలో దోసిలి అడ్డం పెట్టి పోశాడు. నేల బుసబుసమని పీల్చుకుంది. మళ్లీ ఏట్లోకి దిగాడు.

"వద్దు తాతా, నువ్వెందుకు మోసేది? నేను మోసుకుంటా," అని అవ్వ వెంటపడింది.

"నీ కుండ నువ్వు తేవమ్మా. నా కుండకు అడ్డం రాకు," అన్నాడు తాత.

నంజుండయ్య గట్టుమీద నిలబడ్డాడు. ఆ నీళ్లు కొంచెం ఇంకి, కొంచెం సందు చూసుకుని పల్లంవైపే జారుతున్నాయి.

"తాతా, మీరు ఎంత పోసినా అవి కిందికే పోతాయి."

"అవును. వాటికి అదే తెలుసు," అన్నాడు తాత, జారుతున్న నీటికి మట్టి అడ్డం వేస్తూ.

నంజుండయ్య ఇంకేమో అనబోయాడు. తాత అప్పటికే దిగిపోతున్నాడు. ఈసారి ఒడ్డెక్కేటప్పుడు కుండల్లో నీళ్లు తొణికాయి. నంజుండయ్య చూశాడు. నిన్న గిన్నె మునగడం చూసినంత స్పష్టంగా చూశాడు. ఈసారి చూస్తూ నిలబడలేకపోయాడు. పరుగెత్తిపోయి కావడి కింద భుజం పెట్టాడు.

తాత కావడి వదిలేశాడు.

అతనికి కావడి మోయడం కొత్త. కుండలు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు ఊగాయి. మిట్టెక్కేసరికి సగం ఖాళీ.

"సామీ, నువ్వు దోవకు నీళ్లు కడతాండావు. నా మడి ఇక్కడ!" అంది అవ్వ.

ఆ రోజూ మోశాడు, మర్నాడూ మోశాడు. భుజం కమిలింది. రెండో భుజం కూడా కమిలింది. వాన ఎందుకు కురుస్తుందో, చెట్టు ఎందుకు కాస్తుందో ఆలోచించడానికి తీరిక దొరకలేదు. తీరిక దొరికినప్పుడు పైరు వంకే చూశాడు. పడుకున్న ఆకు ఒకటొకటే లేస్తోంది. ఊరివాళ్లు కొందరు కుండలతో వచ్చారు. కింది మడి ఆసామి కూడా, ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

అవ్వ వంతు ఇంకా రాలేదు. ఒక ఉదయం గొర్రెలు తోలుకుపోయే పరదేశి ఒకడు మిట్ట దగ్గర ఆగాడు. చుట్టూ నేల పెళుసుబారి ఉంది. ఈ ఒక్క మడి మాత్రం నల్లగా తడిసి ఉంది.

"తాతా, ఈడ ఊట గాని పడిందా ఏమి? మిట్టమీద తడి ఉండాదే!"

గట్టుమీద కూర్చున్న తాత తల అడ్డంగా ఊపాడు. అప్పుడే నంజుండయ్య కావడితో ఆ పక్కగా ఎక్కుతున్నాడు. కుండలు తొణకడం లేదు.

"ఊట కాదప్పా. నీరు పల్లమే ఎరుగు. మిట్టమీద తడి కనబడితే, ఎవరో మోసినారని తెలుసుకో."

నంజుండయ్య ఆగలేదు. నీళ్లు మొదళ్లలో పోసి, కావడిని కమిలిన భుజంమీది నుంచి ఇంకొంచెం తక్కువ కమిలిన భుజానికి మార్చుకుని, మళ్లీ ఏట్లోకి దిగాడు.