ఎర్రమట్టి పూసిన చెయ్యి

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుంటూ పారేది. ఎండలు ముదిరితే మాత్రం ఇసుకే. ఆ ఇసుకలో ఒక్క మడుగు మిగిలేది.

మడుగుకు తూర్పు గట్టున కొన్ని జంతువులు, పడమటి గట్టున కొన్ని జంతువులు ఉండేవి. ముందు తాగినవాళ్లకు తేటనీళ్లు. తర్వాత తాగినవాళ్లకు బురద.

కొట్టుకు చావడం ఎందుకని పెద్దలు ఎప్పుడో ఒక ఆట పెట్టారు. దాని పేరు నాలుగు రాళ్ల ఆట. ఒకరు నారబంతి విసరాలి. అవతలి గట్టువాడు కర్రతో దాన్ని కొట్టాలి. కొట్టి, నాలుగు రాళ్లూ ముట్టుకుని తిరిగొస్తే ఒక పరుగు. మూడుసార్లు కర్ర ఊపినా బంతి తగలకపోతే పక్కకెళ్లి కూర్చోవాలి. వరసగా మూడు రోజులు మూడు ఆటలు. రెండు గెలిచిన గట్టుదే ఆ ఎండాకాలమంతా మొదటి నీళ్లు.

ఆటకు ముందు గట్టు పెద్ద ఆ బంతి తెచ్చి ఒకరి చేతిలో పెట్టాలి. పెట్టాక ఇక ఆట అయ్యేదాకా ఆ చెయ్యే విసరాలి. మధ్యలో మార్చడానికి లేదు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఆట గెలిచిన చేతికి భుజం దాకా ఎర్రమట్టి మెత్తేవాళ్లు. "గెలుపు ఈ చేతిలో కూర్చుంది. బయటికి పోనివ్వకండి!" అని కేకలు వేసేవాళ్లు. ఆ మట్టి పూసిన చెయ్యే చివరి ఆట ఆడాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. రెండు గట్లవాళ్లూ అదే పని చేసేవాళ్లు.

తూర్పు గట్టున బూరమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మల్లడు, చిన్నవాడు గండడు.

పోయినేడు బంతి మల్లడి చేతిలో పెట్టారు. మొదటి ఆట గెలిచాడు. ఎర్రమట్టి పూశారు. చివరి ఆటకు మళ్లీ అతన్నే దింపారు. ఆట సగంలో భుజంలో ఏదో పుటుక్కుమంది. బంతి కాళ్ల దగ్గరే పడింది. ఆట పోయింది. మొదటి నీళ్లు పోయాయి. మల్లడి చెయ్యి ఇప్పటికీ తాడులా వేలాడుతూనే ఉంది. చెట్టెక్కి తేనె తీసుకోలేడు. తమ్ముడు తెచ్చిపెడితే తింటాడు.

ఆ ఏడు బురదనీళ్లు తాగి, చుక్కమ్మ అనే దుప్పికి పుట్టిన కూన చావు దాకా వెళ్లొచ్చింది.

అప్పటినుంచి బూరమ్మ మాటలు తగ్గించేసింది. ఎండిన కొమ్మ విరిగిన చప్పుడు వినబడ్డా ఉలిక్కిపడి మల్లడి వైపు చూసేది.

ఈ ఏడు మోదుగపూలు రాలడం మొదలయ్యాయి. తూర్పు గట్టువాళ్లు గుమికూడారు. అప్పటిదాకా గట్టు పెద్దగా ఉన్న ముసలి అడవిపంది బంతి నేల మీద పెట్టి, "నా వల్ల కాదు. ఇంకెవరైనా పెద్దగా ఉండండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

బూరమ్మ ముందుకొచ్చి బంతి తీసుకుంది.

"నేనుంటా" అంది. అంతే.

తూర్పు గట్టున విసరగలిగేవాళ్లు ముగ్గురే. గండడు విసిరితే బంతి కంటికి కనబడేది కాదు, చెవికి మాత్రం వినబడేది. తోకన్న అనే కొండముచ్చు విసిరితే బంతి మీదికెళ్లి గబుక్కున కిందికి దిగేది. మూడోవాడు నింపాదయ్య. అతనొక దేవాంగపిల్లి. ఒళ్లంతా కలిపి గుప్పెడుంటాడు. కళ్లు మాత్రం రెండు వెలగకాయలంత. పగలంతా ముడుచుకుని పడుకుని, పొద్దు వాలాక లేచేవాడు. అతను విసిరిన బంతి ఎప్పటికొస్తుందో అతనికే తెలియదని అందరూ నవ్వేవాళ్లు.

పడమటి గట్టు పెద్ద నక్కయ్య. అతనిది ఒకటే పద్ధతి.

"మాకు కొండడున్నాడు. మూడు ఆటలూ వాడే" అన్నాడు మీసం దువ్వుకుంటూ. కొండడు పడుచు కోతి. చెయ్యి మంచి సత్తువున్న చెయ్యి. "మరి నీ సంగతేంటి బూరమ్మా? ముగ్గురికీ తలా ముక్క పంచుతావా ఏంటి?"

బూరమ్మ బంతి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

మొదటి రోజు పొద్దు వాలగానే బంతి గండడి చేతిలో పెట్టింది. గండడు పళ్లు బిగించి విసిరాడు. ఆట చాలాసేపు సాగింది. కొండడూ తగ్గలేదు. చివరికి ఒక్క పరుగు తేడాతో తూర్పు గట్టు గెలిచింది. అందరూ గండణ్ణి భుజాల మీద మోసుకెళ్లి, చేతికి ఎర్రమట్టి మెత్తారు.

బూరమ్మ దూరంగా నిలబడి చూసింది. మట్టి తగలగానే గండడి మొహం ఒక్క క్షణం ముడుచుకుపోయింది. మళ్లీ నవ్వేశాడు.

రెండో రోజు గట్టంతా ఒకటే కేకలు. "గండడికే ఇవ్వు! ఇవాళే తేల్చేద్దాం!"

బూరమ్మ బంతి తోకన్న చేతిలో పెట్టింది.

తోకన్న బాగానే విసిరాడు. కానీ చివర్లో కర్రకు ఒక బంతి తగిలింది. ఆ ఒక్కటీ పొదలు దాటి పోయింది. ఆట పోయింది. అవతల కొండడి చేతికి ఎర్రమట్టి మెత్తారు. ఇవతల తోకన్న తోక ఒళ్లో పెట్టుకుని తలెత్తకుండా కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున్నే చుక్కమ్మ కూనను వెంటబెట్టుకుని వచ్చింది. కూన పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"వదినా, ఇవాళ గండడే కదా?" అంది.

"చూద్దాం."

"చూసేదేముంది? మట్టి పూసిన చెయ్యి వాడిది. నిన్నే వాడికిచ్చి ఉంటే ఈపాటికి నా బిడ్డ తేటనీళ్లు తాగేది. నీ కొడుకు చెయ్యి నీకు ముద్దే, కాదనను. నా బిడ్డ ప్రాణం నాకు ముద్దు కాదా?"

బూరమ్మ కూన వంక చూసింది. ఆ చూపు తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

"గండా, ఇలా రా" అంది.

"నేనే వేస్తానమ్మా" అన్నాడు గండడు రాకుండానే. "అన్న ఓడిపోయాడు, తమ్ముడు పారిపోయాడు అంటారు. వేస్తాను."

"రమ్మన్నానా?"

వచ్చాడు. ఆట తేలేదాకా మడుగులో చెయ్యి పెట్టకూడదు, కడగడానికి వేరే నీళ్లు లేవు. బూరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, ఎండిపోయిన ఎర్రమట్టిని నాలుకతో నాకడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు దుమ్ములో పొర్లాడి వచ్చినప్పుడు నాకినట్టే. పెళ్లలు పెళ్లలుగా మట్టి ఊడింది. భుజం దగ్గరికి వచ్చేసరికి గండడు "అబ్బా!" అన్నాడు.

మట్టి కింద భుజం వాచి గుమ్మడికాయలా ఉంది. ముట్టుకుంటే కాలిపోతోంది.

"చూడండి" అంది బూరమ్మ.

అందరూ వంగి చూశారు. వెనకనుంచి మల్లడు మెల్లగా అన్నాడు, "నాదీ ఇలాగే ఉండేది. మట్టి కింద ఎవరికీ కనబడలేదు. చెబితే పిరికివాడంటారని నేనూ చెప్పలేదు."

బూరమ్మ చుక్కమ్మ వైపు తిరిగింది.

"పోయినేడు వాచిన చేతికే బంతి ఇచ్చాం. నా కొడుకు చెయ్యి పోయింది. నీ బిడ్డకు బురద మిగిలింది. ఇవాళా అదే చేస్తే రెండూ మళ్లీ పోతాయి. నీ బిడ్డ కోసమే చెబుతున్నా, చుక్కమ్మా."

చుక్కమ్మ ఆ భుజం వంక చూసింది. కూనను దగ్గరికి లాక్కుంది.

"మరి ఎవరు వేస్తారు? తోకన్న నిన్ననే వేశాడు" అన్నాడు అడవిపంది.

బూరమ్మ తల పైకెత్తింది. కొమ్మ మీద ఉండలా చుట్టుకుని నింపాదయ్య నిద్రపోతున్నాడు.

"అయ్యో దేవుడా!" అన్నారు నలుగురూ ఒక్కసారే. ఎవరో పగలబడి నవ్వారు. నవ్వి, మళ్లీ ఏడుపుమొహం పెట్టారు.

పొద్దు వాలింది. నింపాదయ్య ఒక కన్ను తెరిచాడు. కాసేపటికి రెండోది తెరిచాడు.

"నింపాదయ్యా, ఇవాళ నువ్వు వెయ్యాలి" అంది బూరమ్మ.

"ఎప్పుడక్కా?"

"ఇప్పుడే."

"అంత తొందరేముంది" అంటూ కొమ్మ దిగడం మొదలుపెట్టాడు. దిగాక, ఆ గుప్పెడంతవాడు రెండు చేతులూ చాచాడు. బూరమ్మ బంతి పెట్టింది. ఇక మార్చడానికి లేదు.

పడమటి గట్టున పెద్ద నవ్వు లేచింది. "బూరమ్మా, మీవాడు విసిరేది నిద్రలోనా, మెలకువలోనా?" అని అరిచాడు నక్కయ్య.

"మెలకువగానే ఉన్నాను బాబూ. నా కళ్లే అంత" అన్నాడు నింపాదయ్య మర్యాదగా.

మొదటి బంతి విసిరాడు. పడమటివాళ్లు మొన్న గండడి పిడుగులు చూసినవాళ్లు. వాళ్ల చేతులు ఆ వేగానికే అలవాటు పడ్డాయి. కర్ర గిర్రున తిరిగిపోయింది. తిరిగిపోయాక బంతి తీరిగ్గా వచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కొట్టేవాడు కర్ర నేలకేసి కొట్టి పక్కకెళ్లి కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాళ్లూ అదే దారి పట్టారు. తూర్పు గట్టున ఈలలు మొదలయ్యాయి.

ఆట సగమయ్యేసరికి పడమటివాళ్లు కిటుకు కనిపెట్టారు. ఓపిక పట్టి కొట్టారు. ఒక పరుగు. ఇంకో పరుగు. తూర్పువాళ్లకు అప్పటికి వచ్చిందీ రెండే. ఈలలు ఆగిపోయాయి. గండడు లేచి నిలబడ్డాడు. "అమ్మా, నియమం పోతే పోయింది. నన్ను..."

"కూర్చో" అంది బూరమ్మ. నింపాదయ్య దగ్గరికెళ్లి వంగి అడిగింది, "ఇంకా మెల్లగా వెయ్యగలవా?"

"ఓ. ఇందాకటిదాకా అందరూ చూస్తున్నారని కాస్త తొందరపడ్డానక్కా."

ఆ తర్వాత అతను విసిరిన బంతులకు కర్రలు ఒకసారి తిరిగి, ఆగి, మళ్లీ తిరగబోయి, తడబడ్డాయి. ఇక ఒక్క పరుగూ రాలేదు.

అవతల కొండడు మూడో రోజు కూడా విసురుతున్నాడు. ఎర్రమట్టి చెయ్యి. మొదట్లో బంతి సూటిగానే వచ్చింది. తర్వాత ఎత్తు తగ్గింది. తర్వాత వేగం తగ్గింది. ప్రతి విసురుకూ పెదవి కొరుక్కుంటున్నాడు. బూరమ్మకు అది కనబడింది. పడమటి గట్టు చివర ఒక కోతి తల్లి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. అదీ కనబడింది.

"నక్కయ్యా, వాడి చేతి మట్టి తీసి చూడు!" అని కేకేసింది బూరమ్మ. అంత గట్టిగా ఆమె అరవడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"మా గెలుపు కడిగెయ్యమంటావా? భలేదానివే!" అన్నాడు నక్కయ్య. "వెయ్యరా కొండా!"

కర్ర పట్టుకుని ఉన్నవాడు తోకన్న. కొండడు చెయ్యెత్తాడు. బంతి అలిసిపోయి వచ్చింది. తోకన్న నిన్నటి బాధంతా కర్రలో పెట్టి కొట్టాడు. బంతి ఎటు పోయిందో చూసే తీరిక ఎవరికీ లేదు. ఒకటో రాయి, రెండో రాయి, మూడో రాయి, తోక గాల్లో, నాలుగో రాయి!

తూర్పు గట్టు గెలిచింది.

కొండడు విసిరినచోటే చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నక్కయ్య అతని వైపు చూడనైనా చూడకుండా పొదల్లోకి వెళ్లిపోయాడు.

తూర్పువాళ్లు ఎర్రమట్టి తెచ్చారు. నింపాదయ్య తన చిన్న చెయ్యి వెనక్కి లాక్కుని, "వద్దులెండి, ఆరేదాకా కూర్చోలేను" అన్నాడు. మట్టి తెచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు దాన్ని పారబోశాడు.

అందరూ మడుగు దగ్గరికి చేరారు. "గట్టు పెద్దవు నువ్వే, నువ్వు ముందు తాగు" అన్నారు. బూరమ్మ పక్కకు జరిగి చుక్కమ్మ కూనను ముందుకు తోసింది. కూన మూతి ముంచింది. గుటక గుటకకూ చెవులు ఆడిస్తూ తాగింది. చుక్కమ్మ బూరమ్మ భుజానికి తల ఆనించింది. తర్వాత తూర్పు గట్టువాళ్లంతా వరసగా తాగారు.

బూరమ్మ మాత్రం ఇంకా తాగలేదు. అవతలి ఒడ్డు వైపు చూస్తోంది. అక్కడ కోతి తల్లి కొడుకును ఆనించుకుని, నీళ్లకు దూరంగా నిలబడి ఉంది. గెలిచినవాళ్లు పిలిచేదాకా ఓడిన గట్టువాళ్లు రాకూడదు.

"రావమ్మా" అంది బూరమ్మ. "పిల్లాణ్ణి తీసుకురా. ముందు ఆ మట్టి కడుగు."

కోతి తల్లి నమ్మలేనట్టు చూసింది. తర్వాత ఒక్క పరుగున వచ్చింది. కొండడు చెయ్యి నీళ్లలో పెట్టగానే ఎర్రమట్టి పొగలా లేచి చెదిరిపోయింది. దాని కింద వాచిన భుజం బయటపడింది. మల్లడు వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. మంచి చేత్తో చల్లటి నీళ్లు తీసి ఆ భుజం మీద పోశాడు.

"నీది ఇంకా తెగలేదు. ఈ ఏడంతా బంతి ముట్టుకోకు. ఎవడేమన్నా సరే" అన్నాడు.

కొండడు తల ఊపాడు. కళ్లనీళ్లు మడుగులో పడ్డాయి.

అప్పుడు బూరమ్మ వంగి నీళ్లు తాగింది. ఆ నీళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. అయినా కడుపునిండా తాగింది.

మరుసటి ఏడు ఆటకు రెండు గట్లవాళ్లూ వచ్చారు. ఎవరి చేతికీ మట్టి లేదు. బంతి పెట్టేముందు పెద్దలు ఒక్కొక్కరి భుజం తడిమి చూశారు.

నీతి: గెలిచిన చెయ్యే అయినా, దానికీ నొప్పి ఉంటుంది. అందరి భారం ఒక్కరి మీదే వేస్తే ఆ ఒక్కరూ పోతారు, భారమూ కింద పడుతుంది. తలా కాస్త మోస్తే, మెల్లగా నడిచేవాడు కూడా మనల్ని ఒడ్డుకు చేరుస్తాడు.