గున్నమ్మ సైకిలు, ముగ్గురన్నల తెలివి

జీడివలసలో తెలివైనవాళ్ళెవరని అడిగితే మొదట చెయ్యెత్తేది గవరయ్య. రెండో చెయ్యి అతని తమ్ముడు లచ్చుమయ్యది. మూడోది ఆఖరివాడు పోలయ్యది. నాలుగో చెయ్యి ఇంతవరకూ లేవలేదు. మిగతా ఊరంతా అప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉంటుంది మరి.

వాళ్ళ తెలివికి ఒక పద్ధతుంది. పని తెలిసినవాళ్ళు ఏదైనా చెబితే అన్నీ ఒక్కడే గుర్తుపెట్టుకోవడం కష్టం కదా. అందుకని మొదటి మాట గవరయ్య పట్టుకుంటాడు, రెండోది లచ్చుమయ్య, మూడోది పోలయ్య. దారి పొడుగునా ఎవరి మాట వాళ్ళు గొణుక్కుంటూ ఇంటికొస్తారు. ఒకడి మాటలో ఇంకొకడు వేలు పెట్టడు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, ఒక్క అక్షరం తగ్గదు.

"మా ఇంట్లో మాట కింద పడదు" అని గవరయ్య మీసం తిప్పుతాడు. అప్పుడప్పుడూ పడితే బాగుండునని వాళ్ళ చెల్లెలు గున్నమ్మ అనుకునేది.

ఆ ఇంట్లో చదువుకున్నది గున్నమ్మ ఒక్కతే. కొండ మీద ఎగువగూడెం బడిలో పాఠాలు చెబుతుంది. పదకొండు మంది పిల్లలు. ఇంటినుంచి ఏడు కిలోమీటర్ల రాళ్ళదారి. జీపు వస్తే తొమ్మిదికి చేరుతుంది, రాకపోతే పదిన్నర. అంతసేపు పిల్లలు ఊరుకుంటారా? జీడితోటల్లోకి పారిపోతారు. ఇక ఆ పూటకి బడి లేనట్టే.

ఒకరోజు బడులు తనిఖీ చేసే ఆఫీసరు వచ్చాడు. "అమ్మా, నీ పాఠం బాగుంది, నీ టైమే బాగోలేదు. ఏదైనా బండి చూసుకో. పదిహేను రోజుల్లో మళ్ళీ సోమవారం వస్తాను. తొమ్మిదికల్లా నీ బండి బడి ముందు కనిపించాలి. లేకపోతే ఈ బడి ఎత్తేసి కిందూరి బడిలో కలిపేస్తాను."

కిందూరికి ఆ పసివాళ్ళు ఏడు కిలోమీటర్లు దిగుతారా, ఎక్కుతారా? గున్నమ్మ ఇంటికొచ్చి ఆఫీసరన్న మాటలు చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నా ఉద్యోగం పోతే పోనీ అన్నయ్యా. సింగారి ఇప్పుడిప్పుడే గుణింతాలు కూడబలుక్కుంటంది. బడి పోతే ఆ పిల్లని మేకల ఎనకాల తోలేస్తారు."

అన్నలకి తెలివి సంగతెలా ఉన్నా, చెల్లెలంటే ప్రాణం. ముగ్గురూ ఒకేసారి లేచారు.

"ఏడవకే పిచ్చితల్లీ! కొండెక్కే సైకిలు సేయించీమా?" అన్నాడు గవరయ్య. అంతే, తెల్లారి ముగ్గురూ పట్నంలో వెల్డింగు షాపు ఆదిబాబు మేస్త్రి ముందు నిలబడ్డారు.

మేస్త్రి మంచివాడు, పనిమంతుడు. "కొండదారికి మామూలు సైకిలు ఆగదయ్యా. స్టీలు ఫ్రేము వెయ్యాలి. వంగుద్ది గానీ విరగదు. విరిగినా ఏ ఊళ్ళోనైనా అతికించుకోవచ్చు. ముందు చక్రానికి స్ప్రింగులుంటాయి, వెనకదానికి అవసరం లేదు. అయితే ఏ టైరు వెయ్యాలో చెప్పాలంటే, ఆ దారి నేను చూడాలి."

దారి చూడాలి. ఇంకేముంది! మర్నాడు ముగ్గురూ మూడు గోనెసంచులు మోసుకొచ్చి షాపు గుమ్మంలో గుమ్మరించారు. రాళ్ళు, మట్టి, ఒక ఎండిన పేడకడి.

"ఇదేంటయ్యా?"

"దారి. తమరు సూడాలన్నారు గదా మేస్త్రీ. మొత్తం తేలేకపోయినాం. మజ్జలో మంచి ముక్క తవ్వి తెచ్చినాం."

మేస్త్రి పని మీద శ్రద్ధ ఉన్నవాడు కదా, వంగి రాళ్ళు చేత్తో తడిమి చూశాడు. "అన్నీ మొనదేలిన కోసురాళ్ళే. వెడల్పాటి గుబ్బల టైరు వేద్దాం" అన్నాడు. మన వాళ్ళు ఉప్పొంగిపోయారు. అదే సమయానికి కొండదారిలో జీపు ముందు చక్రం, ముక్క తవ్వేసిన చోట దిగబడింది. ఆ గొయ్యి పూడ్చేదాకా ఇటు రానని డ్రైవరు ఒట్టు పెట్టుకున్నాడు. అలా గున్నమ్మకి ఉన్న ఒక్క జీపూ పోయింది.

"తొక్కే మనిషి కాలి పొడుగు కొలిచి తెండి" అన్నాడు మేస్త్రి.

ఇంటికెళ్ళి తాడు తీసుకుని గున్నమ్మ కాలు కొలిచారు. అక్కడొచ్చింది తగువు.

"కుడికాలు కొలిసినావు. మరి ఎడంకాలో?" అన్నాడు లచ్చుమయ్య.

"ఒంటికాలితో తొక్కుద్దేటి?" అన్నాడు పోలయ్య.

నిజమే కదా! రెండో కాలు కూడా కొలిచి, ఆ తాడు ఈ తాడుకి ముడేసి పట్టుకెళ్ళారు. మేస్త్రి తాడు చాపితే షాపు ఈ గోడ నుంచి ఆ గోడదాకా వచ్చింది.

"మీ చెల్లెలు మనిషేనా, తాటిచెట్టా?"

"మేస్త్రీ! మాటలు తిన్నగా రానీయి!" అని గవరయ్య చొక్కా చేతులు మడిచాడు. గున్నమ్మే బడి అయ్యాక పరుగున వచ్చి మధ్యన పడింది కాబట్టి సరిపోయింది. మేస్త్రి ఆమెని గోడకి నిలబెట్టి రెండు నిమిషాల్లో కొలిచేశాడు. తర్వాత రెండు ఫ్రేములు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి స్టీలుది. రెండోది అల్యూమినియంది, తళతళా మెరుస్తోంది.

"ఎత్తి చూసి ఎంచుకోండి" అని టీ తాగడానికి వెళ్ళాడు.

గవరయ్య ఒకటి ఎత్తాడు, లచ్చుమయ్య ఒకటి ఎత్తాడు. మేస్త్రి టీ తాగి, ఎవరితోనో కబుర్లాడి, తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెమటలు కక్కుతూ అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"దించండయ్యా బాబూ!"

"తమరు దించమని సెప్పలేదు గదా" అని మూలిగాడు లచ్చుమయ్య. ఎత్తింది వాళ్ళయినా ఎంచుకుంది మాత్రం గున్నమ్మే. "నాకు మెరుపులొద్దు, పడితే ఏ ఊరి వెల్డింగులోనైనా అతికేది కావాలి" అని స్టీలు ఫ్రేము మీద చెయ్యి వేసింది. మేస్త్రి మొహం వెలిగింది. ఆ ఇంట్లో ఒక్కరికైనా బుర్ర ఉన్నందుకు ఆయన లోలోపల దేవుడికి దండం పెట్టుకుని ఉంటాడు.

గురువారానికి ఫ్రేము తయారైంది, చక్రాలు తయారయ్యాయి. మేస్త్రికి అర్జెంటుగా వేరే ఊరు పని పడింది. "ఇదిగో సామాను, మీరే బిగించుకోండి. మూడే మూడు మాటలు. ముందు భాగం మెత్తగా ఉండాలి. వెనక భాగం గట్టిగా ఉండాలి. చైను ఒక పూట నూనెలో నాననివ్వాలి."

మూడు మాటలు, ముగ్గురు మనుషులు. పంపకం ఎంత చక్కగా కుదిరిందో చూడండి! దారంతా "మెత్తగా, మెత్తగా" అని ఒకడు, "గట్టిగా, గట్టిగా" అని ఒకడు, "నూనె, నూనె" అని ఒకడు.

గవరయ్య ఇంట్లో ఉన్న రెండు దిళ్ళూ కోసేశాడు. బూరుగుదూదంతా తీసి స్ప్రింగుల్లో కూరాడు. మిగిలింది హ్యాండిలుకి చుట్టాడు. ఇంకా మిగిలితే ముందు చక్రానికీ చుట్టి పాత చీరతో కుట్టాడు. వేలితో నొక్కి చూసుకుని, "ఆహా, ఎంత మెత్తగున్నాది!" అని మురిసిపోయాడు.

లచ్చుమయ్య తక్కువ తిన్నాడా? వెనక గట్టిగా ఉండాలి. లోకంలో అన్నిటికన్నా గట్టిది ఏది? సిమెంటు. పక్కింటి వాళ్ళ అరుగు కట్టగా మిగిలిన సిమెంటు తెచ్చి, ఇసక కలిపి, వెనక టైరు నిండా కూరి పెట్టాడు. అంతటితో ఆగాడా? తాపీవాళ్ళు చేసేలాగ పొద్దునా సాయంత్రం దానికి నీళ్ళు కూడా పట్టాడు.

ఇక పోలయ్య. ఇంట్లో నూనె డబ్బా అడుగంటింది. చైను మునిగేంత నూనె ఎక్కడుంది? వెతగ్గా వెతగ్గా ఆవకాయ జాడీలో కనబడింది, పైన రెండు వేళ్ళ మందాన ఎర్రగా నిగనిగలాడుతూ. ఇంకేముంది, చైను జాడీలోకి దిగింది.

శనివారం బడినుంచి వచ్చిన గున్నమ్మ చూసింది. ముందు చక్రం పరుపులా ఉంది. వెనక చక్రం ఎత్తబోతే నేలకి అతుక్కున్నట్టు కదల్లేదు. అన్నం కలుపుకుందామని జాడీలో గరిటె పెడితే గరిటెకి చైను వచ్చింది.

ఆ పిల్ల అరవలేదు, తిట్టలేదు. జాడీ పక్కనే కూలబడి, "ఎల్లుండే సోమవారం అన్నయ్యా" అంది. అంతే. ఏం తప్పు చేశారో అన్నలకి అర్థం కాలేదు, అయినా ఏడుపొచ్చింది.

ఆదివారం ఎడ్లబండి మీద సైకిలు మళ్ళీ పట్నం వెళ్ళింది. ఊరినుంచి తిరిగొచ్చిన మేస్త్రి దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దూది పీకాడు. సిమెంటు టైరు కోసి పారేసి కొత్తది వేశాడు. చైను వాసన చూసేసరికి ఆయనకి ఆకలేసింది, భోంచేసి వచ్చి కొత్త చైను తగిలించాడు. గీసుకుపోయిన చోటల్లా మళ్ళీ నీలంరంగు వేశాడు. సాయంత్రానికి సైకిలు తయారైంది. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది. గున్నమ్మ దాన్ని షాపు ముందు ఒక చుట్టు తొక్కి వచ్చి చిన్నపిల్లలా నవ్వింది.

మేస్త్రి అన్నల ముందు చేతులు జోడించాడు. "నాయనా, ఈసారి ఒక్కటే మాట. ముగ్గురూ కలిసి పట్టుకోండి. రంగు పచ్చిగా ఉంది. దీనిమీద గీత పడకూడదు."

సోమవారం గున్నమ్మ తలస్నానం చేసి, జడ వేసుకుని, పుస్తకాల సంచీ భుజాన తగిలించుకుని వాకిట్లోకి వచ్చింది. సైకిలు లేదు. అన్నలూ లేరు. కిందికి చూసింది. మట్టిలో చక్రం జాడ లేదు, మూడు జతల పాదాల జాడ మాత్రం ఉంది. అర్థమైపోయింది. టైము ఏడు ముప్పావు. బండిదారి పట్టుకుంటే లాభం లేదని జీడితోటల్లోంచి అడ్డదారిన పరుగు లంకించుకుంది.

అక్కడ ఎగువగూడెంలో ఆఫీసరు వచ్చేశాడు. పిల్లలు వరసగా కూర్చున్నారు. గవరయ్య, లచ్చుమయ్య, పోలయ్య సైకిలుని భుజాల మీంచి మెల్లగా దించి, కింద తువ్వాలు పరిచి, దాని మీద నిలబెట్టారు. ఒక్క గీత లేదు. ముగ్గురి భుజాలూ వాచిపోయాయి.

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. "టీచరేది?"

"తొమ్మిదికల్లా బండి కనిపించాలన్నారు, కనిపిస్తంది గదండి" అన్నాడు గవరయ్య.

"బండి సరేనయ్యా, టీచరమ్మేది?"

"టీచరు గురించి తమరేటీ సెప్పలేదండి" అన్నాడు పోలయ్య చిన్నగొంతుతో.

ఆఫీసరు గడియారం చూశాడు. తొమ్మిదికి నాలుగు నిమిషాలుంది. కుర్చీ లాక్కుని, ఫైలు విప్పి, పెన్ను మూత తీశాడు. అప్పటికి గవరయ్యకి ఏదో తప్పు జరిగిందని తెలిసింది. "సారూ, ఒక్క నిమిషం..." అంటూ ముందుకొచ్చాడు, తర్వాత ఏం చెప్పాలో తెలీలేదు. చెప్పవలసిన మాట ఎవరూ ఇవ్వలేదు కదా.

సరిగ్గా అప్పుడు చెట్లలోంచి గున్నమ్మ వచ్చింది. జడ ఊడిపోయింది, చెప్పులు చేతిలో ఉన్నాయి, మోకాలు గీరుకుపోయింది. ఎవరి వంకా చూడకుండా సరాసరి వెళ్ళి బడిగంట కొట్టింది. తొమ్మిది.

"సింగారీ, లే. మొన్నటి పాఠం చదువు" అంది రొప్పుతూ.

సింగారి లేచింది. తడబడుతూ, ఒక్కో అక్షరం వేలితో తోసుకుంటూ రెండు వాక్యాలు చదివింది. ఆఫీసరు పెన్నుకి మూత పెట్టేశాడు. అన్నలు ముగ్గురూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుందామనుకున్నారు గానీ, దాని మీద సైకిలుంది, అందుకని చొక్కాలతో తుడుచుకున్నారు.

"బడి ఎక్కడికీ పోదమ్మా" అన్నాడు ఆఫీసరు వెళ్తూ వెళ్తూ. తర్వాత అన్నల వైపు తిరిగి నవ్వాడు. "రోజూ ఇలాగే తొమ్మిదికి వచ్చెయ్యండి."

ఆయన నవ్వకుండా ఉన్నా బాగుండేది, ఆ మాట అనకుండా ఉంటే ఇంకా బాగుండేది. ఇలాగే రమ్మన్నాడు కదా! అంతే, మర్నాటినుంచి ఐదింటికే చెల్లెల్ని లేపడం, సైకిలు భుజాలకెత్తుకోవడం, ఏడు కిలోమీటర్లు మొయ్యడం. సాయంత్రం మళ్ళీ దింపుకురావడం. వెనకాల గున్నమ్మ నడక.

"అన్నయ్యా, రంగు ఆరిపోయి నెలయింది. ఒక్కసారి తొక్కనీ."

"అమ్మో! పెద్ద ఆఫీసరు మాటే!"

ఐదింటికే లేపుతారు కాబట్టి గున్నమ్మ ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు, బడి బ్రహ్మాండంగా నడిచింది. అన్నల భుజాలే కాయలు కాశాయి. ఒక ఆదివారం ముగ్గురూ కూర్చుని, మూడు బుర్రలూ ఒకటి చేసి ఆలోచించి, మేస్త్రి దగ్గరకెళ్ళారు.

"మేస్త్రీ, ఇంకో సైకిలు కావాల. ఎనకాల పెద్ద క్యారియరుండాల."

"ఈసారి ఎవరు తొక్కడానికి?"

"తొక్కడానికి కాదు బావూ, మొదటి సైకిలు ఎక్కించుకెళ్ళడానికి."

మేస్త్రి, రెండోదైనా నేల మీద నడుస్తుందేమోనన్న ఆశతో చేసిచ్చాడు. పాపం, ఆకుపచ్చ రంగు వేశాడు. పచ్చి రంగు.

మర్నాడు కొండ దిగొస్తున్న గూడెంవాళ్ళు ఆగిపోయి చూశారు. గవరయ్య భుజం మీద నీలం సైకిలు, లచ్చుమయ్య భుజం మీద ఆకుపచ్చ సైకిలు, రెండింటినీ ఒక్కో చేత్తో పట్టుకుని మధ్యలో పోలయ్య. వాళ్ళ వెనక సంచీ తగిలించుకుని గున్నమ్మ.

"రెండు సైకిళ్ళు పెట్టుకుని నడుస్తన్నారేటి బావూ?" అని అడిగారు.

"ఇంకో నాలుగు రోజులే" అన్నాడు పోలయ్య రొప్పుతూ. "మూడోదానికి సెప్పీసినాం, ఈ రెంటినీ ఎక్కించుకోడానికి."