మనిషన్నవాడికే ఆడే నెమలి

అనగనగా, ఏ గోడ చూసినా వైర్లు వేలాడే ఒక రాజ్యం. దానికో రాజు. పేరు శంకవర్మ. పేరుకి తగ్గట్టే మనిషి నిండా అనుమానాలే! పాలు తెల్లగా ఉంటే "ఇంత తెల్లగా ఎందుకున్నాయ్?" అంటాడు. సొంత నీడ వెనకాల వస్తుంటే ఆగి, ఠక్కున తిరిగి చూస్తాడు.

ఆయన నమ్మింది మొత్తం ముగ్గుర్నే. వంటాయన భీమన్న, సేనాపతి రణధీరుడు, చిన్నప్పట్నుంచి పెంచిన దాది మంగతాయి. ఆ నమ్మకానికి గుర్తుగా వాళ్లకో గౌరవం ఇచ్చాడు. కొలువులోకి చెప్పులతో రావచ్చు! మిగతా అందరూ గుమ్మం దగ్గరే విప్పేయాలి. రాజుగారికైతే చెక్క పావుకోళ్లు. నడిస్తే టక్కు టక్కు.

ఒకరోజు పాయసం కొంచెం చేదు తగిలింది. అంతే! "నన్ను చంపాలని చూస్తున్నారు" అని రాజు ఫిక్సయిపోయాడు.

అదే రోజు నూకాలు ఒక నెమలి బొమ్మని కొలువుకి పట్టుకొచ్చింది. పాత రేడియోలు విప్పి బొమ్మలు చేసే పిల్ల అది. నెమలి కడుపులో బ్యాటరీ, మోటారు. తోక నిండా బుల్లి లైట్లు. తల మీద రాగి కుచ్చు.

"చెక్క తగిలితే ఆడదు, రాయి తగిలితే ఆడదు ప్రభూ. మనిషన్నవాడు ముట్టుకుంటేనే ఆడుద్ది" అంది.

ద్వారపాలకుడు ముట్టుకున్నాడు. తోక విప్పి, ధగధగా వెలిగి, గిరగిరా ఆడింది! పూలమ్మే ఆవిడ ముట్టుకుంది. ఆడింది.

రాజు బుర్రలో మాత్రం ఒక్క ముక్కే గిర్రున తిరుగుతోంది. 'మనిషన్నవాడు' అంటే? మంచోడనేగా!

"భీమన్నా, పట్టుకో" అన్నాడు.

భీమన్న పట్టుకున్నాడు. నెమలి కదల్లేదు.

"ఓహో! పాయసం నీ పనేనా?"

"అయ్యా, మెంతులు పడ్డాయంతే, చూసుకోలేదు!"

"పొద్దు గూకేలోపు రాజ్యం దాటు!"

తర్వాత రణధీరుడు. నెమలి కదల్లేదు. అతనికీ అదే శిక్ష.

మూడోది మంగతాయి. రాజు ఆమె వైపు చూశాడు. ఈవిడ కూడానా? ఆమె రాగి కుచ్చు నిమిరింది. నెమలి రాయిలా నిలబడింది.

"గోరుముద్దలు పెట్టిన చెయ్యేరా నాయనా ఇది" అంది ముసలావిడ.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు కూడా పో దాదమ్మా."

నూకాలుకి ఒళ్లు మండింది. "ఆగండి ప్రభూ! మా ఇంట్లో ఎవరు ముట్టుకున్నా ఆడింది. మా మేక మూతి పెట్టినా ఆడింది! ముందు మీరు ముట్టుకోండి."

రాజు టక్కు టక్కున వచ్చి కుచ్చు పట్టుకున్నాడు.

నెమలి కదల్లేదు.

రాజు బొమ్మని అనుమానించాడు. నూకాలుని అనుమానించాడు. ఇంకెవరూ మిగల్లేదు. ఫస్ట్ టైం తన మీద తనకే అనుమానం వచ్చింది. 'నేను మనిషిని కానా?'

మంగతాయి మాత్రం మూట కట్టుకోడానికి కదిలింది. "ఈ చెప్పులు నువ్విచ్చిన గౌరవం. నీ దగ్గరే ఉంచుకో" అని విప్పబోయి తూలింది. పడిపోకుండా నెమలి కుచ్చు పట్టుకుంది. చెప్పులు రెండూ జారిపోయాయి. వట్టి కాలు నేలకి ఆనింది.

గిర్ర్‌ర్! తోక విచ్చుకుంది. లైట్లన్నీ వెలిగాయి.

నూకాలు నెత్తి కొట్టుకుంది. "చెప్పులు! మా ఇంట్లో అందరూ చెప్పులు గుమ్మం బయటే విప్పుతారు, అందుకే నాకు తట్టలేదు. కరెంటు సన్నగా మనిషిలోంచి నేలకి దిగాలి ప్రభూ. చెప్పులుంటే దారి మూసుకుపోద్ది. నెమలికి మంచోడెవడో చెడ్డోడెవడో ఏం తెలుసు!"

రాజు పావుకోళ్లు విప్పాడు. చల్లటి నేల మీద కాలు పెట్టి కుచ్చు ముట్టుకున్నాడు. నెమలి ఆడింది. ఆయన మాత్రం దాన్ని చూళ్లేదు. వంగి దాది చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

"దాదమ్మా, తప్పయిపోయింది. భీమన్నా, రణధీరా, మీరూ ఎక్కడికీ వెళ్లొద్దు."

"అయితే పాయసం మళ్లీ వండనా అయ్యా?" అన్నాడు భీమన్న.

"వండు. మెంతులు మాత్రం ఎక్కడున్నాయో నాకు చూపించు" అన్నాడు రాజు. పాపం, అలవాటు అంత తొందరగా పోద్దా!

నీతి: ఎదుటోడి మనసుని అనుమానించే ముందు, మన కాళ్ల కింద ఏముందో చూసుకోవాలి.