బూరెలు మరిగిన చేపలు

కొండకోటలో రాజుగారి చన్నీటి కొలను పాచి పట్టిపోయింది. చలిని తట్టుకునే, పాచి మేసే చేపల్ని ఏరి తెచ్చి వదిలింది జాలరి నూకాలు. నెల తిరిగినా పాచి తగ్గలేదు.

"ఇది మోసగత్తె ప్రభూ! కొరడాతో కొట్టించండి," అన్నాడు దివాను, కొలను గట్టున రాజుగారి పక్కనే నిలబడి. రోజూ విందులో మిగిలిన బూరెలు చేపలకి విసిరే మహానుభావుడు ఆయనే.

నూకాలు ఆయన పొట్ట వంక చూసింది. "అలాగే కొట్టించండి మహారాజా. ముందు దివానుగారిని ఈ ముద్ద తిననివ్వండి," అంటూ తన చద్దిమూటలోంచి ఉడికించిన తోటకూర తీసి చేతికిచ్చింది.

"ఛీ! ఇప్పుడే కడుపునిండా బూరెలు తిన్నాను. ఇంకా ఈ ఆకులెవడు తింటాడు?" అని కసిరాడు దివాను.

రాజుగారు పక్కున నవ్వారు. నూకాలు కొలను వైపు తిరిగి చేపలకి దణ్ణం పెట్టింది.

"విన్నారా తల్లుల్లారా! మీ తరఫున దివానుగారే సాక్ష్యం చెప్పేశారు."