పైడమ్మ కోసం కట్టిన కవరు

శిష్యురాళ్లు ఏదైనా అడిగితే అప్పలనరసమ్మ వెంటనే బదులు చెప్పదు. "చెప్పులేసుకో" అంటుంది.

విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా ఆమె వంటింటి డబ్బాలు అమ్ముతోంది. ఆ డబ్బాలు దుకాణాల్లో దొరకవు. ఎవరో ఒక ఇల్లాలు నలుగురినీ తన ఇంటికి పిలుస్తుంది. అమ్మే మనిషి అక్కడికే వెళ్లి మూత ఎలా బిగించాలో, పప్పుకి పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలో చూపిస్తుంది. పిలిచిన ఇల్లాలికి కంపెనీ ఒక బహుమతి ఇస్తుంది. ఇలా నలుగురూ కూడడాన్ని వాళ్లు పార్టీ అంటారు. పార్టీకి పది రోజుల ముందే ఆ ఇల్లాలి చేతికి ఒక కవరు అందాలి. అందులో పిలుపు కార్డులు, డబ్బాల బొమ్మల పుస్తకం, ఆర్డరు కాగితాలు, ఏమేం సర్దుకోవాలో రాసిన చీటీ ఉంటాయి. ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొట్టమొదట నేర్చుకునేది ఆ కవరు కట్టడమే.

దమయంతి చేరి ఇంకా ఏడాది కాలేదు. చేతివాటం గల పిల్ల. కూర్చుందంటే గంటలో ఇరవై కవర్లు కట్టి, అంచులు కలిపి దొంతర పెట్టేది. అప్పలనరసమ్మ ఒక్క కవరుకే పూటంతా తీసుకునేది. అంతకు ముందే ఆ ఇల్లాలి ఇంటికి వెళ్లి కబుర్లాడుతూ మరో పూట గడిపేది. ఇది చూసి చూసి దమయంతి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అప్పా, అన్నిట్లోనూ పెట్టేవి అవే కాగితాలు కదా. ఒక్కోదానికి ఇంతసేపు ఎందుకు?" అక్కని అప్ప అనడం ఆ వైపు వాళ్ల వాడుక.

అప్పలనరసమ్మ చేతిలో ఉన్న కవరు మూసి, లేచింది. "చెప్పులేసుకో."

వాళ్లు వెళ్లింది రైలు గేటు అవతల ఉన్న రెండు గదుల రేకుల ఇంటికి. ఆ ఇంటామె పేరు పైడమ్మ. ముప్పై ఏళ్లుగా నాలుగిళ్లలో గిన్నెలు తోముతోంది. ఆ ఇళ్లలో ఒకచోట పార్టీ జరుగుతుంటే దొడ్లోంచి చూసి, చివర్లో అప్పలనరసమ్మను పక్కకి పిలిచి, "ఇది మా ఇంట్లో అవదా అమ్మా?" అని అడిగిందట.

అప్పలనరసమ్మ తెచ్చిన కవరు పైడమ్మ తెరిచేసరికి దమయంతి తెల్లబోయింది. పైడమ్మకు చదువు రాదు. అందుకని ఏ కార్డు ఎవరికివ్వాలో తెలిసేలా, ప్రతి కార్డు మూలనా ఆ ఇంటి గుర్తుగా అప్పలనరసమ్మ గీసిన చిన్న బొమ్మ ఉంది. ఒకదాని మీద నీలం గేటు, ఒకదాని మీద ఉయ్యాల బల్ల, ఒకదాని మీద చెవులు వేలాడేసిన కుక్క. ఏర్పాట్ల చీటీలో కూడా మాటలు లేవు, చాప, బిందె, గ్లాసులు గీసి ఉన్నాయి. పైడమ్మ ఒక్కో కార్డు మీదా వేలు పెట్టి, "ఇది సూర్యప్రభమ్మ గోరిది. ఇది ఉయ్యాల వాళ్లది. ఈ కుక్క నన్ను రెండుసార్లు కరిసింది" అని నవ్వింది. కార్డు అడుగున రాసిన మాట ఏమిటని అడిగింది. దమయంతి చదివి వినిపించింది: "మిమ్మల్ని తన ఇంటికి ఆహ్వానిస్తున్నవారు, బోని పైడమ్మ గారు."

పైడమ్మ మరోసారి చదివించుకుంది.

తిరిగొస్తూ దమయంతి, "ఈవిడ చేత గిన్నెలు తోమించుకునేవాళ్లు ఈవిడ పిలిస్తే వస్తారా అప్పా?" అంది.

పార్టీ శనివారం నాలుగింటికి. పైడమ్మ గుమ్మానికి పసుపు రాసి, రెండు చాపలు పరిచి, పళ్లెం నిండా బెల్లం గవ్వలు చేసి పెట్టుకుంది. నాలుగున్నరకు చాప మీద ఉన్నది ఆ సందులోని ముగ్గురే. పైడమ్మ మాట్లాడుతూనే ఉంది గాని చూపంతా వీధి మీదే. దమయంతికి ప్రాణం ఉసూరుమంది. "నేను వెళ్లి ఆ నాలుగిళ్లలో గుర్తుచేసి వస్తాను" అని లేవబోతే, అప్పలనరసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంకాసేపటికి సందు మొదట్లో ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. నలుగురూ కలిసే వచ్చారు. ముందు నడుస్తున్న సూర్యప్రభ గారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో కార్డు పట్టుకుని గుమ్మం దగ్గర ఆగి, "ముప్పై ఏళ్లుగా నువ్వు మా ఇంటికి వస్తున్నావు పైడమ్మా. మీ ఇల్లు కనుక్కోడానికి మాకు అరగంట పట్టింది" అంది. ఆ మాట అన్నాక ఆవిడ కాసేపు తల ఎత్తలేదు.

అలవాటు చేసుకున్న ఉపన్యాసం అప్పజెప్పడానికి దమయంతి డబ్బా అందుకోబోయింది. ఈలోగా పైడమ్మే దాన్ని తీసుకుంది. "సూర్యప్రభమ్మ గోరూ, మీ సింతపండు ఏటా వానాకాలం నల్లబడిపోతాది. మీకు ఇది. ఉయ్యాలమ్మ గోరికి పొడుగుది, పిండికి పురుగు పడతంది." ఎవరి అలమరలో ఏది ఎక్కడుందో, ఏది ఎందుకు పాడవుతోందో, వాళ్లకంటే ఆమెకే బాగా తెలుసు. మూత నొక్కి గాలి తీసి, డబ్బాను తలకిందులు చేసి చూపించింది. నవ్వులు, ప్రశ్నలు, ఆర్డరు కాగితాలు. అప్పలనరసమ్మ చాప చివర కూర్చుని గవ్వలు తింటోంది.

తినడం అయ్యాక సూర్యప్రభ గారు ఖాళీ గ్లాసు పట్టుకుని, కడిగి పెడదామని లేచింది. పైడమ్మ అడ్డం వచ్చి గ్లాసు అందుకుంది. గొంతు పెంచలేదు, తల మాత్రం నిటారుగా ఉంది.

"కూకోండమ్మా. ఇయ్యాల పిలిసింది నాను."

సూర్యప్రభ గారు కూర్చుంది. గవ్వలు ఇంకో రెండు అడిగి తింది.

అందరూ వెళ్లాక, రైలు గేటు దాటి నడుస్తుంటే దమయంతికి ఒళ్లంతా తేలికగా ఉంది. తను నోరు విప్పకపోయినా ఇంత మంచి పార్టీ ఆమె ఇంతవరకు చూడలేదు. ఆ ఉత్సాహంలో, "మనం ఇవాళ ఎంత బాగా చేశామో కదా అప్పా!" అంది.

అప్పలనరసమ్మ నడక ఆపకుండానే ఆశ్చర్యంగా చూసింది.

"మనమా? మనల్ని పిలిచారు, వెళ్లొచ్చాం."