అత్త మీద నిలబడ్డ ఎల్లాజీ

అనగా అనగా, మీ తాతకి తాత ఇంకా గోచీ పెట్టడం నేర్వని రోజుల్లో, మా రేవులో ఎల్లాజీ అని ఓ తెప్పోడు ఉండేవాడు. ఉన్నది ఒక తెప్ప, ఒక వల, ఒక తమ్ముడు. తమ్ముడు పోలయ్యకి అమ్మా అతనే, అయ్యా అతనే. చంకనేసుకుని పెంచాడు.

ఆ పోలయ్య పెద్దయ్యాక తెల్లదొరల యుద్ధపు ఓడలో బొగ్గు కళాసీగా చేరాడు. అది క్రూయిజరు. నాలుగు పొగగొట్టాలు, కొండంత ఒళ్లు. దాని ముందు డిస్ట్రాయర్లనే చిన్న ఓడలు మూడు నడిచేవి, కత్తుల్లా సన్నంగా. ఓ ఏడు ఆ ఓడలన్నీ మా రేవుకి ఎదురుగా లంగరేశాయి. మూడో నాడు పొద్దున్నే ఒడ్డు పక్క దారినే దక్షిణానికి పోతాయని పోలయ్య అన్నకి చెప్పాడు.

ఆ దారి సంగతి ఎల్లాజీకి బాగా తెలుసు. ఆ దారిలో నీళ్ల కింద రాయుంది. దానికి తగిలితే ముందు చీలేది ఓడ అడుగు. ఆ అడుగునే, కొలిమి దగ్గర, తమ్ముడు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. నీటి మీద ఉన్నప్పుడు రాయి అనే మాట ఎత్తకూడదు. ఎత్తితే అది లేచొచ్చి పిలిచినోణ్ణి పట్టుకుంటాదని భయం. అందుకే అత్త అంటాం. నవ్వకండర్రా, మీకూ ఓ అత్త వస్తాది.

మొదటి నాడు ఎల్లాజీ చేపలమ్మే వంకన తెప్పని ఓడ పక్కకి తోశాడు. మన మాట ఓడ నడిపే దొరకి చెప్పే దుబాసీ పైనుంచి తొంగిచూశాడు.

"అటు పోకండి బాబూ, అక్కడ అత్త కూకుంది" అన్నాడు ఎల్లాజీ.

దుబాసీ ఏమో మెట్టఊరి మనిషి. ఉన్నది ఉన్నట్టు దొరకి చెప్పాడు. ఓడంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మీ అత్తగారికి మా సలాములు చెప్పు అని దొర కబురు పంపాడు.

రెండో నాడు మళ్లీ వెళ్లాడు. ముందు తమ్ముణ్ణి దిగొచ్చేయమని బతిమాలాడు.

"కింద ఇరవై మందిమి ఉన్నాం అన్నా. నేనొక్కణ్ణే దిగొచ్చేదా?" అన్నాడు పోలయ్య.

మొండిఘటం. ఎవరి పెంపకం మరి! అప్పుడు ఎల్లాజీ కళ్లు గట్టిగా మూసుకుని, నీటి మీద మావాళ్లెవరూ ఏనాడూ అనని మాట అనేశాడు.

"అక్కడ రాయుంది బాబూ."

దొర పటం పరిచి చూశాడు. పటంలో రాయి లేదు. నిన్న అత్త, ఇవాళ రాయి, రేపు మరదలా అని దుబాసీ వేళాకోళమాడాడు.

మూడో నాడు పొద్దున్న, ఆటుకి నీరు బాగా వెనక్కి తీసిన వేళ, ఓడలు కదిలాయి. డిస్ట్రాయర్లు మూడూ పక్క సందులోంచి జారిపోయాయి. వెనకాల క్రూయిజరు తిన్నగా వస్తోంది. దొర ముందుకి చూశాడు. సముద్రం మధ్యలో ఓ మనిషి నిలబడున్నాడు. తెప్ప లేదు, పడవ లేదు. నీళ్లు మోకాలి దాకానే. తెడ్డు నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు.

ఈసారి దుబాసీ అక్కర్లేకపోయింది. దొర కేకేశాడు. మరలు వెనక్కి తిరిగాయి. కొండంత ఓడ గజగజ వణికి, ఎల్లాజీకి నాలుగు బారల దూరంలో ఆగింది. కింద ఇరవై మందీ బతికారు.

కానీ అంత ఓడ ఒక్కసారి వెనక్కి లాగితే నీళ్లు ఊరుకుంటాయా? పెద్ద కెరటం లేచింది. అది విరిగాక చూస్తే తెడ్డు ఒక్కటే తేలుతోంది. పేరు పెట్టి పిలిచాడు కదా, అత్త ఉంచేసుకుంది. పోలయ్య బొగ్గు మొహంతో పైకొచ్చి, ఆ తెడ్డు చూసి, కూలబడి ఏడ్చాడు.

దొర టోపీ తీశాడు. పటంలో ఆ చోట తన చేత్తో చుక్క పెట్టి, దీని పేరేంటని అడిగించాడు. నీటి మీద ఉన్నారు కదా, రాయి అనకూడదు. పోలయ్య కళ్లు తుడుచుకుని ఒకటే మాట చెప్పాడు.

"ఎల్లాజీ."

దొర అదే రాసుకున్నాడు. నాలుగు ఓడలూ మూడేసి కూతలు కూసి వెళ్లాయి.

ఇప్పటికీ మావాళ్లు అటు పోతే తెడ్డు నిలువుగా ఎత్తి, "అత్తా, అల్లుడు కుశలమా?" అని అడుగుతారు. ఎవరైనా మా మాట నమ్మకపోతే, నిలబడి చూపిస్తాం అంటాం. నీటి మీద రాయి పేరు ఈనాటికీ ఎత్తం. ఎల్లాజీ పేరు మాత్రం ఎత్తుతాం, ఒడ్డుకి వినిపించేంత గట్టిగా.